ఒకే లోయ, ఒకే బస: పిల్లలతో, పెద్దలతో వేసవిలో కొండ నడకకు ఏర్పాట్లు

మా కుటుంబం హిమాచల్ ప్రదేశ్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు, ఆరు రోజుల్లో సిమ్లా, కులు, మనాలి, రోహ్తాంగ్ అన్నీ చూపిస్తామన్న ఒక యాత్రల సంస్థ మాట నమ్మి బయలుదేరాము. తిరిగి వచ్చాక లెక్క వేసుకుంటే పగటి వేళలో సగానికి పైగా కారులోనే గడిచింది. పిల్లలకు గుర్తున్నవల్లా ఘాట్ రోడ్డు మీద అయిన వాంతులు, కదలని వాహనాల వరుస, అద్దెకు తెచ్చిన తడి కోట్ల వాసన. మా అమ్మగారు ఇంటికి వచ్చాక "కొండలన్నీ కిటికీలోంచే చూశాం కదరా" అన్నారు. ఆ మాట తర్వాత మేము ప్రయాణం వేసుకునే పద్ధతే మార్చుకున్నాము. ఇప్పుడు ఒక్క లోయను ఎంచుకుంటాము, అందులో ఒక్క ఇంట్లో దిగుతాము, రోజు విడిచి రోజు నడుస్తాము, ఎంత దూరం నడవాలో ఇంటిల్లిపాదిలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని బట్టి నిర్ణయించుకుంటాము.

ఆ పద్ధతిని ఒక నిజమైన చోటు ఆధారంగా చెబితేనే ఉపయోగం ఉంటుంది గనుక, కులు జిల్లాలోని బంజార్ లోయను ఉదాహరణగా తీసుకుంటున్నాను. మనాలికి వెళ్లే రహదారి నుంచి పక్కకు తిరిగే ఈ లోయలో జిభి, గుషైనీ, షోజా వంటి ఊళ్లున్నాయి. తీర్థన్ నది ఇక్కడే ప్రవహించి లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. లోయ పైభాగాన 1999లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు మొదలవుతుంది. మీరు వేరే లోయను ఎంచుకున్నా లెక్కలు ఇవే పనికివస్తాయి.

ఎత్తును బట్టి చోటును ఎంచుకోవడం

పిల్లలు, పెద్దలు ఉన్న కుటుంబం కొండ ప్రాంతాన్ని ఎంచుకునేటప్పుడు అందం కంటే ముందు చూడవలసింది పడుకునే ఎత్తు. గాలిలో ప్రాణవాయువు ఒత్తిడి తగ్గడం వల్ల వచ్చే తలనొప్పి, వికారం, నిద్రలేమి సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. పగలు కొన్ని గంటల పాటు అంతకంటే పైకి వెళ్లి సాయంత్రానికి కిందికి దిగిపోతే చాలామందికి ఇబ్బంది ఉండదు. రాత్రి అక్కడే నిద్రపోతేనే చిక్కు. జిభి, గుషైనీ గ్రామాలు రెండూ 2,000 మీటర్లకు లోపే ఉన్నాయి. జలోరీ కనుమ 3,120 మీటర్ల ఎత్తున ఉంది. అంటే కింద పడుకుని పైన నడిచే వీలు ఈ లోయలో సహజంగానే ఉంది. అదే 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు విమానంలో నేరుగా దిగిన కుటుంబం మొదటి రెండు రోజులు గదిలోనే విశ్రాంతి తీసుకోవాలి. అయిదేళ్ల పిల్లవాడు తనకు తల నొప్పిగా ఉందో, ఆకలిగా ఉందో, ఇంటి మీద బెంగగా ఉందో విడమరచి చెప్పలేడు గనుక, చిన్నపిల్లలతో చేసే మొదటి కొండ ప్రయాణానికి లేహ్, స్పితి వంటి చోట్లను నేను సూచించను.

మంచు విషయం మాత్రం ముందే చెప్పాలి. మన పిల్లలకు హిమాలయాలంటే మంచు ముద్దలు విసురుకోవడమే. బంజార్ లోయలో మే నెల నాటికి జలోరీ నీడపట్టున మిగిలిన మురికి తెల్లటి మరకలు తప్ప ఆడుకునేంత మంచు ఉండదు. మంచు తప్పనిసరి అనుకుంటే చివర రెండు రోజులు మనాలి వైపు కలుపుకుని, 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపు వెళ్లి అదే రోజు తిరిగి రావచ్చు. సొరంగం రెండు ముఖద్వారాలూ 3,000 మీటర్లకు పైనే ఉన్నాయి కాబట్టి, లోయలో వారం గడిపిన తర్వాత వెళ్లడం శరీరానికి కూడా మంచిది. 3,978 మీటర్ల ఎత్తున్న రోహ్తాంగ్ కనుమకు వాహన అనుమతి పత్రం కావాలి. దాని కోసం పడే పాట్లు చూశాక, ఆ రోజును ఇంకెక్కడైనా నడవడానికి వాడుకోవడం మేలని నా అభిప్రాయం.

తేదీలు, రిజర్వేషన్లు

తెలుగు రాష్ట్రాల బడులకు ఏప్రిల్ చివరి వారంలో సెలవులు మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. ఢిల్లీ చుట్టుపక్కల బడులకు వేసవి సెలవులు మే రెండో వారం నుంచే మొదలవుతాయి. ఈ తేడా మనకు అనుకోకుండా దొరికిన వరం. ఏప్రిల్ ఆఖరు నుంచి మే పదో తేదీ లోపు కొండల్లో బసలు సులభంగా దొరుకుతాయి, దారులు ఖాళీగా ఉంటాయి, బేరం చేసే ధైర్యం కూడా మనకే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు భయపడి ఆ పదిహేను రోజులనే ఎంచుకునేవారు ఎక్కువ. కానీ మే ఆఖరున, జూన్ మొదట్లో ఉత్తరాది అంతా అక్కడే ఉంటుంది. ఇంట్లో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసే పిల్లలుంటే మాత్రం ఆ పరీక్ష అయ్యేదాకా ఆగక తప్పదు. అప్పుడు కనీసం శని, ఆదివారాలు లోయకు చేరే రోజులు కాకుండా చూసుకోవాలి. జూన్ చివరి వారంలో హిమాచల్‌కు రుతుపవనాలు చేరతాయి గనుక, బడులు తెరిచే నాటికి మనం ఎలాగూ ఇంట్లోనే ఉంటాము.

రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. కాబట్టి మే 1న బయలుదేరదలిస్తే మార్చి మొదట్లో ఉదయం 8 గంటలకు సిద్ధంగా కూర్చోవాలి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి విజయవాడ మీదుగా ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీకి చేరుస్తాయి. పోను టికెట్లు తీసుకుని రాను టికెట్ల సంగతి తర్వాత చూద్దామనుకున్నవారు జూన్‌లో వెయిటింగ్ లిస్టు పట్టుకుని తిరగడం నేను చాలాసార్లు చూశాను. రిటర్న్ బెర్తులు తెరుచుకునే రోజును కూడా క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. నలుగురికి మించి ఉన్న కుటుంబానికి విమానం ఖర్చు భారమే గానీ, డెబ్బై దాటిన పెద్దలు వస్తుంటే వారికీ, తోడుగా ఒకరికీ చండీగఢ్ దాకా విమానంలో టికెట్లు తీసి, మిగిలినవారు రైలులో వెళ్లి అక్కడ కలుసుకోవడం ఒక మధ్యేమార్గం.

ఢిల్లీ నుంచి మనాలి వెళ్లే రాత్రి వోల్వో బస్సులు తెల్లవారే సరికి ఔట్ అనే చోటును దాటతాయి. అక్కడ సుమారు 3 కిలోమీటర్ల సొరంగం ఉంది. సొరంగంలోకి ప్రవేశించక ముందే దిగాలని, లేకపోతే బస్సు మిమ్మల్ని కులు వైపు తీసుకుపోతుందని, కండక్టరుకు ఎక్కేటప్పుడే చెప్పి పెట్టాలి. ఫోనులో అలారం కూడా పెట్టుకోవాలి. అక్కడి నుంచి బంజార్ దాకా ట్యాక్సీలో సుమారు గంట. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే ఈ రాత్రి బస్సును మానుకుని, చండీగఢ్‌లో ఒక రాత్రి ఆగి, మర్నాడు ఉదయాన్నే అద్దె కారులో బయలుదేరడం మంచిది. కిరత్‌పుర్, నేర్‌చౌక్ మధ్య నాలుగు వరుసల రహదారి వచ్చాక ఆ ప్రయాణం తేలికైంది. మధ్యలో ఆగుతూ వెళ్లినా ఆరేడు గంటల్లో చేరవచ్చు. ఉదయం ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ కాకుండా రెండు ఇడ్లీలో, కాస్త బ్రెడ్డో తినిపించి, ఫోను చేతికివ్వకుండా దూరంగా ఉన్న కొండను చూడమంటే చాలామంది పిల్లలు తట్టుకుంటారు. మాత్రలు వేయాలా, ఎంత మోతాదు అన్నది బయలుదేరే ముందే పిల్లల వైద్యుణ్ని అడిగి రాయించుకోండి.

నెలన్నర ముందు నుంచి

ప్రయాణానికి నెలన్నర ముందు మొదలుపెట్టవలసిన పని కాళ్లకు సాధన. మన పట్టణాల్లో చదునైన రోడ్ల మీద ఉదయపు నడక అలవాటున్నవారు కూడా కొండ ఎక్కేటప్పుడు ఊపిరికి, దిగేటప్పుడు మోకాళ్లకు ఇబ్బంది పడతారు. వారంలో నాలుగు రోజులు ముప్పావుగంట చొప్పున వేగంగా నడవాలి, రెండు రోజులు అపార్టుమెంటు మెట్లెక్కాలి. మెట్లు ఎక్కడమే కాకుండా దిగడం కూడా సాధనలో భాగమే. లిఫ్టులో పైకి వెళ్లి మెట్ల మీద దిగినా మోకాళ్లకు ఉపయోగమే. విశాఖ వారికి కైలాసగిరి, విజయవాడ వారికి కొండపల్లి పరిసరాలు ఉన్నాయి. హైదరాబాద్ వారు ఏ పార్కులోనైనా ఎత్తుపల్లాలున్న దారిని వెతుక్కోవచ్చు. ఏప్రిల్‌లో ఎనిమిది దాటితే ఎండ భరించలేము గనుక పిల్లల్ని ఆరింటికే లేపాలి. సెలవులకు ముందు వార్షిక పరీక్షలుంటాయి కాబట్టి వాళ్ల వంతు సాధనను ఆదివారాలకు పరిమితం చేసినా ఫరవాలేదు. పిల్లల కాళ్లు మన కాళ్లకంటే త్వరగా అలవాటు పడతాయి.

పరీక్ష పెట్టుకోవాలనుకునేవారికి తిరుమల దారి కంటే మంచి కొలమానం మనకు లేదు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. మధ్య మధ్య ఆగుతూనైనా శ్రీవారి మెట్టు ఎక్కి, మర్నాడు కాళ్లు పట్టేయకుండా మామూలుగా నడవగలిగినవారు ఈ లోయలో నేను చెప్పబోయే నడకలన్నీ చేయగలరు. మొక్కు కూడా తీరుతుందని మా ఇంట్లో దీనికి అభ్యంతరం చెప్పేవారు ఎవరూ లేరు. గుండె జబ్బు, ఆస్తమా, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ఎత్తైన చోటుకు వెళ్లవచ్చో లేదో వైద్యుణ్ని అడగకుండా టికెట్లు తీయకూడదు.

బూట్లు కూడా ఈ నెలన్నరలోనే కొనాలి. మడమ కదలకుండా ఉండి, ముందు వేళ్లకు చిటికెనవేలు పట్టేంత ఖాళీ ఉండాలి. దిగుడులో పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడేది ఆ ఖాళీ లేకనే. సాయంత్రం పూట, దళసరి మేజోళ్లు వేసుకుని వెళ్లి కొలత చూసుకోవాలి. కొత్త బూట్లతో కొండకు వెళ్లి మొదటి రోజే బొబ్బలు తెచ్చుకుంటే మిగిలిన వారమంతా గదిలో గడపాలి. పిల్లలకు ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు అక్కర్లేదు. అడుగు అరగని, పట్టున్న స్పోర్ట్స్ షూ సరిపోతుంది.

బసను అడిగి తెలుసుకోవలసినవి

బంజార్ లోయలో పెద్ద హోటళ్లు తక్కువ, హోమ్‌స్టేలు ఎక్కువ. చాలామంది ఉదయం ఫలహారం, రాత్రి భోజనం కలిపి మనిషికింత అని చెబుతారు. ఫోటోలలో గది, బాల్కనీ, వెనక దేవదారు చెట్లు కనిపిస్తాయి; కనిపించని సంగతులను ఫోనులో అడగాలి. రోడ్డు నుంచి ఇంటికి ఎన్ని నిమిషాలు నడవాలి, ఆ దారి ఏటవాలుగా ఉంటుందా, సామాను ఎవరు మోస్తారు, నది ఒడ్డున ఉంటే గట్టుకు కంచె ఉందా, మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉందా, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, కరెంటు పోతే ఏం చేస్తారు అన్నవి తప్పనిసరి ప్రశ్నలు. నదిని ఆనుకుని ఉన్న కాటేజీలు ఫోటోలకు బాగుంటాయి గానీ, నడక నేర్చిన ఏడాదిన్నర పిల్లలతో అక్కడ దిగితే తల్లిదండ్రులకు క్షణం నిద్ర ఉండదు. మేము ఊరికి కాస్త పైన, ఆపిల్ తోటలో ఉన్న ఇంటినే ఎంచుకుంటాము.

ఖర్చులో అన్నిటికంటే ఎక్కువ మిగిలేది కారు దగ్గర. వారమంతా కారును అట్టిపెట్టుకోకుండా, కావలసిన రోజున స్థానిక ట్యాక్సీ పిలిపించుకుంటే చాలు. పైగా జలోరీకి వెళ్లే చివరి కిలోమీటర్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. మొదటి గేరులోనే ఎక్కవలసిన ఆ దారిలో మైదాన ప్రాంతాల డ్రైవర్ల కంటే ఊరి డ్రైవర్లనే నమ్మాలి. ఇంకో రోజు హిమాచల్ రోడ్‌వేస్ బస్సు ఎక్కితే పిల్లలకు అది వేరే వినోదం.

రోజుల అమరిక

చేరిన రోజు ఏమీ పెట్టుకోవద్దు. సామాను దింపి, స్నానాలు చేసి, సాయంత్రం ఊళ్లో అరగంట తిరిగితే చాలు. రెండో రోజుకు నా సలహా చెహ్నీ కోఠీ అనే పాత బురుజు. బంజార్‌కు దగ్గర్లోని బాగీ గ్రామంలో శృంగ ఋషి ఆలయం ఉంది. ఆయన మరెవరో కాదు, దశరథుడి చేత పుత్రకామేష్టి చేయించిన ఋష్యశృంగుడే. ఈ లోయకు ఆయనే అధిదేవత. రామాయణం విన్న మన పిల్లలకు ఈ మాట చెబితే నడక మొదలుపెట్టడానికి బతిమాలనక్కర్లేదు. ఆలయం నుంచి ఇంకొంచెం పైకి నడిస్తే చెహ్నీ గ్రామంలో రాతి వరుస మీద దేవదారు దూలం వరుస, దాని మీద మళ్లీ రాయి, ఇలా సున్నం లేకుండా కట్టిన పొడవైన బురుజు కనిపిస్తుంది. ఈ పద్ధతిని అక్కడివారు కాఠ్ కూణి అంటారు. 1905 నాటి కాంగ్డా భూకంపంలో పై అంతస్తులు కూలినా మిగిలినది నిలబడే ఉంది. అది దైవస్థానం గనుక పైకి ఎక్కకుండా కింది నుంచే చూడాలి. ఎక్కుడు కొంత ఉన్నా మొత్తం సగం రోజు పని. ఎవరు ఎంత నడవగలరో ఆ రోజే తేలిపోతుంది.

మూడో రోజు ఆటవిడుపు. నాలుగో రోజు జలోరీ కనుమ నుంచి సెరోల్సర్ సరస్సు. దూరం ఒక వైపు సుమారు 5 కిలోమీటర్లు. దారి ఓక్ అడవిలో, పెద్ద ఎక్కుళ్లు లేకుండా, కొండ నడుము చుట్టూ సాగుతుంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు: చదునుగా 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్లు పైకి ఎక్కడానికి అదనంగా మరో గంట. అది ఆరోగ్యవంతులైన పెద్దల లెక్క. పిల్లలూ పెద్దలూ కలిసిన కుటుంబం దానిని రెట్టింపు చేసి, ఆ పైన ఫోటోలకూ, బూటు లేసులకూ, "ఇంకెంత దూరం" అన్న ప్రశ్నలకూ అరగంట కలుపుకోవాలి. అంటే సరస్సుకు రెండున్నర గంటలు. ఉదయం తొమ్మిదికి కనుమ దగ్గర మొదలుపెడితే పదకొండున్నరకు చేరి, తెచ్చుకున్నది తిని, మూడింటి లోపు తిరిగి రావచ్చు. ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్న నియమం ఒకటి పెట్టుకుని, బయలుదేరక ముందే పిల్లలకు కూడా చెప్పండి. సరస్సు చిన్నది, దాని ఒడ్డున బూఢీ నాగిన్ ఆలయం ఉంది, భక్తులు నెయ్యి సమర్పిస్తారు. నీటి మీద ఆకు పడితే ఒక చిన్న పిట్ట వచ్చి తీసేస్తుందని అక్కడివారి నమ్మకం. మా చిన్నమ్మాయి ఆ పిట్ట కోసం ముప్పావుగంట కదలకుండా కూర్చుంది. ఇంట్లో అయిదు నిమిషాలు కూర్చోని పిల్ల. పవిత్రమైన సరస్సు కాబట్టి అందులో దిగకూడదు.

నడవలేని పెద్దలు కనుమ దగ్గరే ఉన్న ఆలయం, టీ కొట్ల దగ్గర ఎండలో కూర్చోవచ్చు. వారికి తోడుగా ఒకరు ఉండాలి, గాలి చలిగా ఉంటుంది గనుక శాలువా, ఫ్లాస్కులో వేడినీళ్లు ఇవ్వాలి.

అయిదో రోజు మళ్లీ విశ్రాంతి. ఆ రోజుల్లో చేయడానికి పనులు చాలానే ఉన్నాయి: నాగినీ దగ్గరి ఛోయీ జలపాతానికి చిన్న నడక, చేపలు తినేవారికి తీర్థన్ ట్రౌట్, బస ఇచ్చిన ఇంటావిడ దగ్గర సిడ్డూ చేయడం నేర్చుకోవడం. పులియబెట్టిన గోధుమపిండిలో అక్రోటు లేదా గసగసాల ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించే సిడ్డూ, మన కుడుములకు దూరపు చుట్టంలా ఉంటుంది. నెయ్యి మాత్రం మనం వినాయకుడికి వేసేదానికి రెట్టింపు వేస్తారు. గాలం వేయాలనుకుంటే మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాలి.

ఆరో రోజుకు రెండు దారులున్నాయి. కాళ్లలో సత్తువ ఉన్నవారు మళ్లీ జలోరీకి వెళ్లి, రెండో వైపున రఘుపూర్ కోట దాకా సుమారు 3 కిలోమీటర్లు ఎక్కవచ్చు. మొదట నిటారుగా ఉన్నా తర్వాత విశాలమైన పచ్చిక మైదానం వస్తుంది. కోటలో మిగిలినవి కూలిన గోడలే. రెండో దారి గుషైనీ నుంచి నది వెంబడి జాతీయ ఉద్యానం వైపు నడవడం. ఉద్యానం గేటు దాకా వెళ్లి రావడం పూర్తి రోజు పని కాబట్టి పిల్లలతో సగం దూరం వెళ్లి, ఒక ఊళ్లో మజ్జిగ తాగి తిరిగి వచ్చినా నష్టం లేదు. గేటు దాటి లోపలికి వెళ్లాలంటే సాయిరోపాలోని అటవీశాఖ కార్యాలయంలో అనుమతి తీసుకుని, స్థానిక గైడును పెట్టుకోవాలి. రెండు దారుల్లో ఏది అన్నది ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర తేల్చుకోండి. కుటుంబం రెండుగా విడిపోయి పెద్దపిల్లలు కోటకు, చిన్నపిల్లలు నది వెంబడి వెళ్లినా బాగానే ఉంటుంది.

సంచిలో ఏముండాలి

హైదరాబాద్‌లో 42 డిగ్రీల ఎండలో సంచి సర్దుతుంటే స్వెట్టర్లు చూస్తేనే చెమట పడుతుంది; అందుకే అందరూ తక్కువ తెచ్చుకుంటారు. మే నెలలో కూడా జిభిలో రాత్రిళ్లు చలిగా ఉంటాయి, జలోరీ దగ్గర మధ్యాహ్నం వాన పడితే చేతులు కొంకర్లు పోతాయి. ఒక్క దళసరి కోటు కంటే పలుచని పొరలు మూడు మంచివి: లోపల పాలిస్టర్ బనియను లేదా టీషర్టు, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, పైన వాన, గాలి ఆగే జాకెట్. నూలు బట్టలు చెమటకు తడిస్తే ఆరక ఒంటిని చల్లబరుస్తాయి. జీన్స్ తడిస్తే బరువు కూడా. గొడుగు కొండగాలికి నిలవదు, తలకు టోపీ ఉన్న రెయిన్‌కోటు కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలోని అతినీల లోహిత కిరణాలు తీవ్రమవుతాయి గనుక చల్లగా ఉన్నా ముఖానికి సన్‌స్క్రీన్, కళ్లకు అద్దాలు అవసరమే.

నడిచే రోజు ప్రతి ఒక్కరి దగ్గరా తన నీళ్లసీసా, పిల్లల మెడలో ఒక ఈల ఉండాలి. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి మూడుసార్లు ఊదమని నేర్పండి. మందుల సంచిలో జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, బొబ్బలకు ప్లాస్టర్లు, సాగే కట్టు, ఇంట్లో రోజూ వాడే మందులు రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. నగదు బంజార్‌లోనే తీసిపెట్టుకోండి. పైన సిగ్నలు లేని చోట యూపీఐ పనిచేయదు.

తిండి గురించి మనవాళ్లకు ఉండే బెంగ నాకు తెలుసు. ఆవకాయ, కందిపొడి, కాస్త నెయ్యి పట్టుకెళ్తే రాజ్‌మా చావల్ పెట్టే లోయలో అన్నానికి కొదవ ఉండదు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, 3,000 మీటర్ల దగ్గర సుమారు 90 డిగ్రీలకే. అందుకే కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. నడక దారికి పల్లీ పట్టీలు, ఎండు ఖర్జూరం, చపాతీలు చుట్టి తీసుకెళ్లండి. ప్యాకెట్ల కాగితాలు మళ్లీ సంచిలోనే వేసుకుని కిందికి తేవాలి. పిల్లల్లో ఒకరికి చెత్త సంచి పెత్తనం అప్పగిస్తే పెద్దల మీద కూడా వాళ్లే నిఘా పెడతారు.

నది, వాన, ముళ్లు

ఈ లోయలో నాకు నిజంగా భయం కలిగించేది ఎత్తు కాదు, నీళ్లు. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఔట్‌కు దిగువన తలోట్ దగ్గర బియాస్ నదిలోకి దిగి ఫోటోలు తీసుకుంటుండగా, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. మీ కారు అదే చోటు పక్కనుంచి వెళ్తుంది. ఆనకట్ట ఉన్న నదిలో ఎండ కాస్తున్నా నీరు నిమిషాల్లో పెరుగుతుంది. తీర్థన్ వంటి నదుల్లో ఎగువన వాన పడినా, మధ్యాహ్నం మంచు కరిగినా ప్రవాహం మారుతుంది. నీళ్లు మోకాలి లోతే ఉన్నట్టు కనిపించినా, చల్లదనానికి కాళ్లు తిమ్మిరెక్కి, నున్నని రాళ్ల మీద జారితే పెద్దవాళ్లు కూడా నిలదొక్కుకోలేరు. నది మధ్యలోని బండల మీదికి ఎవరూ వెళ్లకూడదన్న నియమానికి మా ఇంట్లో మినహాయింపు లేదు. నీటి ఆటలు కావాలంటే కులు దగ్గర బియాస్‌లో లైసెన్సున్న నిర్వాహకులతో, లైఫ్ జాకెట్, హెల్మెట్ వేసుకుని, పిల్లల వయసుకు అనుమతి ఉందో లేదో కనుక్కుని రాఫ్టింగ్ చేయవచ్చు.

కొండల్లో మే, జూన్ మధ్యాహ్నాలు తరచూ ఉరుములతో ముగుస్తాయి. రఘుపూర్ వంటి చెట్లు లేని బోడికొండ మీద ఉన్నప్పుడు ఉరుము వినిపిస్తే కోట చూడడం మానేసి వెంటనే అడవి వైపు దిగాలి. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. ఎవరికైనా తలనొప్పితో పాటు వాంతి, తూలు వస్తే అది ఎత్తు వల్లేననుకుని ఆ క్షణమే కిందికి తిరగాలి. మాత్ర వేసి పైకి నడిపించడం ప్రమాదకరం. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 పనిచేస్తాయి. బంజార్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పెద్ద అవసరానికి కులుకు వెళ్లాలి.

దారి పక్కన పెరిగే బిచ్చూ బూటీ అనే మొక్క ఆకు తగిలితే మన దురదగొండి కంటే చురుక్కుమంటుంది. పిల్లలకు మొదటి రోజే ఆ ఆకును చూపించి గుర్తుపట్టించండి. దాని పక్కనే పెరిగే జంగ్లీ పాలక్ ఆకును నలిపి రుద్దుతారు అక్కడివారు. మంట ఎలాగూ కొన్ని గంటల్లో తగ్గిపోతుంది.

తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. 2023 జులైలో బియాస్ వరదలకు మండీ, కులు మధ్య రహదారి రోజుల తరబడి తెగిపోయింది. మేలో అంత ప్రమాదం ఉండకపోయినా, ఒక కొండచరియ విరిగిపడితే రోజంతా రోడ్డు మీదే నిలబడవలసి వస్తుంది. రైలు ఎక్కవలసిన రోజుకు ముందు రోజు సాయంత్రానికే చండీగఢ్‌కో ఢిల్లీకో చేరిపోయేలా వేసుకుంటే, దారి తెరుచుకునే దాకా టీ తాగుతూ ఓపికగా కూర్చోవచ్చు. దారి తెరిచే ఉంటే ఆ పూట పిల్లలకు చండీగఢ్‌లో రాక్ గార్డెన్ చూపించవచ్చు.